బిల్లుల వరుససంఖ్య

2025 సెప్టెంబరు 22వ తేదిని వస్తుసేవల పన్ను రేట్లు మాఱినవి. అంతకుమున్ను నూటికి 12, నూటికి 28 చొప్పున పన్ను పడుచున్న వస్తువులలో పెక్కులు నూటికి 5, నూటికి 18 అను రేట్ల క్రిందికి వచ్చినవి. ధరలు తగ్గునని కొనువారు సంతసించిరి. అమ్మువారి పెట్టెలయొద్ద మాత్రము వేఱొక చిక్కు పుట్టినది. సరకు 20వ తేదిని పంపితిమి, బిల్లు 23వ తేదిని వ్రాసితిమి, సొమ్ము నెలాఖరునకు వచ్చినది. దీనికి పాతరేటా, క్రొత్తరేటా? ఈ ప్రశ్నకు సమాధానము 2017వ సంవత్సరపు కేంద్ర వస్తుసేవల పన్ను చట్టముననే కలదు. ఆ చట్టపు 14వ సెక్షను ప్రకారము సరకు నప్పగించుట, బిల్లు వ్రాయుట, సొమ్ము ముట్టుట యను మూడింటిలో ఏ రెండు రేటు మాఱుటకు ముందు జరిగినవో, ఏ రెండు తరువాత జరిగినవో చూచి రేటును నిర్ణయింపవలయును. పై యుదాహరణమున బిల్లును సొమ్మును తరువాతివి గనుక క్రొత్తరేటే వర్తించును.

అనగా బిల్లుపైనున్న తేది ఆ దినమున నేరుగ రూపాయలుగ మాఱినది. తేది నెవరైనను వెనుకకు వ్రాసికొనవచ్చును. అట్లు వ్రాయనీయక దానిని కట్టిపెట్టునది బిల్లు సంఖ్య. 412వ సంఖ్యగల బిల్లు 23వ తేదిని, 413వ సంఖ్యగల బిల్లు 21వ తేదిని చూపుచున్నచో ఆ పుస్తకమును పరీక్షించుటకు గొప్ప గణకు డక్కఱలేదు. అట్లే యథార్థముగ 21వ తేదిననే బిల్లు వ్రాసిన వర్తకుడు, దాని ముందును వెనుకను గల సంఖ్యల తేదులను జూపి తన నిజాయితీని నిమిషములో ఋజువుచేసికొనగలడు. ఇంతవఱకు సంఖ్య వేయుట అచ్చుకూటమువాని పనిగ నెంచుచు వచ్చిన మన చిన్నవర్తకులకు ఈ విషయము కొంత యాలస్యముగనైనను తెలియవచ్చినది.

బిల్లు సంఖ్య పన్నుల యధికారి కొఱకు మాత్రమే యేర్పడినదని మన చిన్నవర్తకులలోను, ఒకరి కొలువున నుండక స్వతంత్రముగ పనిచేసికొను వృత్తివారిలోను నొక భావము పాతుకొనియున్నది. ఈ భావము వారికే నష్టకరమని మా యభిప్రాయము. తనకు రావలసిన సొమ్మును బలవంతుని వలన రాబట్టుకొనుటకు బలహీనుని చేతనున్న పత్రములలో నిది మొదటిది. దీనిని పెద్ద సంస్థలు బాగుగ నెఱిగి వాడుకొనుచున్నవి. చిన్నవారు ఎఱుగక నష్టపడుచున్నారు.

వరుససంఖ్య యనునది పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య యని తలంచువారు కౌటిల్యుని అర్థశాస్త్రమును జూడవలయును. రెండవ యధికరణమున అక్షపటలమును గూర్చిన ప్రకరణములో, లెక్కలను వరుస విడిచి వ్రాసిన లేఖకునకును, వరుస తలక్రిందులు చేసిన వానికిని, తెలియరాకుండ వ్రాసిన వానికిని, ఒకే పద్దును రెండుమాఱులు వ్రాసిన వానికిని పండ్రెండు పణముల దండనము విధింపబడినది. నేటి నిబంధనలు నిషేధించు దోషములును ఇవియే గదా! మన గ్రామములలో కరణములు కవిలెలను వరుసగ గట్టి తరతరములుగ కాపాడిరి. 1984లో కరణీకములు రద్దగు వఱకు పల్లెలో ఏ పొలము ఎవరిదో తెలియుటకు ఆ వరుసయే యాధారముగ నుండెను. అంగళ్లలో చిట్టాయు ఆవర్జాయు నుండెడివి. నాటి బేరము నాడే చిట్టాకెక్కవలయును. చిట్టానుండి ఆవర్జాకు పోవునపుడు పుటసంఖ్య వేయవలయును. పుట చింపుట అమంగళమని పెద్దలు బాలుర చేతులు పట్టుకొని వారించెడివారు. దీపావళినాడో ఉగాదినాడో పసుపుకుంకుమలతో క్రొత్తపుస్తకము తెఱచిరనగా ఆ సంవత్సరమునకు వరుస మొదలైనదని యర్థము. ఏప్రిలు మొదలు మార్చి వఱకు గల ఆర్థికసంవత్సరము 1867లో ఆంగ్లప్రభుత్వము తెచ్చిపెట్టినది. స్వరాజ్యము వచ్చినను అదియే నిలిచినది. నిలిచినది గనుక మన పుస్తకములను దానికే సరిపుచ్చుకొనవలసియున్నది.

అమ్మకముపై పన్ను యనునదియు తెలుగువారికి క్రొత్తది కాదు. చెన్నరాజధానిలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1939లో సామాన్య విక్రయపు పన్ను శాసనము దెచ్చినపుడు కోస్తాజిల్లాలును రాయలసీమయు నందులోనివే. తరువాత 1957లో ఆంధ్రప్రదేశపు శాసనము, 2005లో విలువ యాధారపు పన్ను, 2017 జూలై 1వ తేదిని వస్తుసేవల పన్ను వచ్చినవి. ఒక్కొక్క మార్పునకును బిల్లునకు గల ప్రాముఖ్యము పెరుగుచు వచ్చినది. పూర్వము బిల్లు అమ్మినవాని లెక్కకు ఆధారము. నేడు కొన్నవాని లెక్కకును అదియే యాధారము. ఈ భేదమును చాలమంది యింకను గ్రహింపలేదు.

నిబంధన చూడబోయిన సులభమే. 2017వ సంవత్సరపు నిబంధనలలో 46వది, బిల్లుపైని సంఖ్య వరుసగ నుండవలయుననియు, మొత్తము 16 అక్షరములకు మించరాదనియు, అక్షరములు, అంకెలు, అడ్డగీత, వాలుగీత తప్ప వేఱు గుర్తులు కూడవనియు, ఒక ఆర్థికసంవత్సరములో నొకే సంఖ్య రెండుమాఱులు రారాదనియు చెప్పుచున్నది. ఒక్క వరుసయే యుండవలయునను నిర్బంధము లేదు. శాఖకొకటి, వ్యాపారవిధమున కొకటి చొప్పున వలసినన్ని వరుసలు పెట్టుకొనవచ్చును. ఏప్రిలు 1వ తేదిని మరల ఒకటినుండి మొదలుపెట్టవచ్చును, పెట్టకయు నుండవచ్చును. ఇంత స్వేచ్ఛ నిచ్చిన నిబంధనలు ఈ చట్టమున నెక్కువగ లేవు.

అయినను ఆచరణమున జరుగుచున్న దేమి? అచ్చుకూటమునుండి నూఱేసి పుటల బిల్లుపుస్తకములు పది తెత్తురు. పది పుస్తకములును ఒకటినుండి నూఱు వఱకే సంఖ్య వేసికొని వచ్చును. అనగా ఒకే సంవత్సరములో 37వ సంఖ్యగల బిల్లులు పది పుట్టును. కొన్ని యంగళ్లలో తండ్రి యొక పుస్తకమున, కుమారుడు వేఱొక పుస్తకమున ఒకేమాఱు వ్రాయుచుందురు. గుమాస్తా సెల్‌ఫోనులోని యంత్రము మూడవ వరుస నుత్పత్తిచేయుచుండును. సాయంకాలమునకు ఈ మూడింటిని కలిపి చూచువాడుండడు. బేరము చెడినచో బిల్లును చింపి పాఱవేయుదురు. కొనువాడు పేరు మార్చి వ్రాయుమన్న పాతబిల్లును చింపి అదే సంఖ్యతో వేఱొకటి వ్రాసి యిత్తురు; పాతప్రతి వాని గుమాస్తాయొద్ద నుండనేయుండును. నెలాఖరున సంచినిండ కాగితములు తీసికొనిపోయి పన్నుల లెక్కలు వ్రాయువాని బల్లపై గ్రుమ్మరింతురు. అతడు వానిని తేదులవారీగ పేర్చి, వరుసలోని ఖాళీలను జూచి, ఖాళీ యెందులకు కలిగెనని యడుగును. ఎవరికిని జ్ఞాపకముండదు.

జ్ఞాపకము లేకపోవుట నేరము కాదు. కాని ప్రతినెల గాని మూడునెలలకొకమాఱు గాని దాఖలుచేయు అమ్మకపు పత్రములో, అనగా జి.ఎస్.టి.ఆర్. 1లో, 13వ పట్టిక యొకటి కలదు. ఈ కాలములో ఏ సంఖ్యనుండి ఏ సంఖ్య వఱకు బిల్లులు వ్రాయబడినవి, అందు ఎన్ని రద్దయినవి, నికరముగ నెన్ని నిలిచినవి యని ఆ పట్టిక యడుగుచున్నది. చింపిన బిల్లు అక్కడ ఖాళీగ దర్శనమిచ్చును. బిల్లు లేకుండ సరకు అమ్మినను, సరకు లేకుండ బిల్లు వ్రాసినను 122వ సెక్షను క్రింద పదివేల రూపాయలు గాని ఎగవేసిన పన్నుకు సమానమైన మొత్తము గాని, ఏది యెక్కువయో అది, జుల్మానాగ పడును. ఖాళీలతో గూడిన పుస్తకముగల వర్తకుడు నిర్దోషియైనను, ఈ సెక్షనును జూపి బెదరించువానికి లోబడుచున్నాడు. బజారులలో ‘జీరో వ్యాపార’మని పేరువడసిన బిల్లులేని వ్యాపారమును నడుపువాడు కొన్నాళ్లు సుఖముగనే యుండును. చిక్కులలో బడువాడు సగము బిల్లుతోడను సగము తెల్లచీటీతోడను నడుపు మధ్యస్థుడు.

దీనికి చికిత్స యేమంత కష్టసాధ్యము కాదు. మంగళగిరిలో నేతచీరల యంగడియు విజయవాడలో నొక శాఖయు గల వర్తకుని దీసికొందము. అతడు మంగళగిరి బిల్లులకు ఎం అనియు, విజయవాడ బిల్లులకు వి అనియు ఒక్కొక్క యాంగ్లాక్షరము ముందుంచి, వాలుగీత గీచి, సంవత్సరమునకు 2526 అని నాలుగంకెలు వేసి, మరల గీత గీచి, అయిదంకెల వరుససంఖ్య వేసినచో మొత్తము పండ్రెండు అక్షరములే యగును. ఎం/2526/00417 అనగానే ఏ యంగడి, ఏ సంవత్సరము, ఎన్నవ బిల్లు అను మూడును తెలియును. సంవత్సరమును సంఖ్యలో జేర్చుట చట్టము కోరినది కాదు. అయినను పోయిన యేటి 417తో ఈ యేటి 417 కలిసిపోకుండుటకు ఇంతకన్న చౌకయైన యుపాయము లేదు. అంకెలకు ముందు సున్నలు వేయుట కంప్యూటరు వాని నక్షరములవలె పేర్చునపుడు 2 తరువాత 10 రావలసినది ముందుగ రాకుండుట కొఱకు. కొనువాని పేరులోని యక్షరములను, నెలపేరును, సరకుపేరును సంఖ్యలో దూర్చి మురియువారున్నారు. వరుస యొకటి యనునది మఱచిపోయి కొనువానికొక వరుస పెట్టుకొన్నచో పన్నెండునెలలలో నూఱు వరుసలగును. అందు ఏ వరుస యెక్కడ నిలిచినదో బ్రహ్మకైనను తెలియదు.

తప్పు పడిన బిల్లును చింపరాదు. అన్ని ప్రతులపైనను ‘రద్దు’ అని వ్రాసి పుస్తకముననే యుంచవలయును. కొనువానికి చేరిన తరువాత ధరలో గాని పన్నులో గాని యెక్కువ పడెనని తేలినచో బిల్లును దిద్దరాదు. 34వ సెక్షను ప్రకారము, పాతబిల్లు సంఖ్యను తేదిని బేర్కొనుచు, క్రెడిటునోటు వ్రాసి యియ్యవలయును. క్రెడిటునోట్లకు వేఱు వరుస యుండుట మంచిది. పన్ను వసూలుచేయు నధికారము లేని కాంపొజిషను వర్తకుడు వ్రాయునది పన్నుబిల్లు కాదు, సరఫరాబిల్లు. దానికిని వరుససంఖ్య యావశ్యకమే. సరకుల బిల్లునకు కొనువానికొకటి, రవాణాదారునకొకటి, తనకొకటి యని మూడు ప్రతులును, సేవల బిల్లునకు రెండు ప్రతులును నియమము. రెండువందల రూపాయలకు లోబడిన చిల్లర బేరములకు, కొనువాడు నమోదుకానివాడై బిల్లు అడుగనిచో, ఒక్కొక్క బిల్లు వ్రాయనక్కఱలేదు. దినాంతమున అన్నిటికిని గలిపి యొక బిల్లు వ్రాసికొనిన చాలును. ఈ సౌకర్యమును ఎఱుగక కొందఱు కిరాణావర్తకులు వృథాగ జంకుచున్నారు. ఈ పుస్తకములను ఆ సంవత్సరపు వార్షికపత్రము దాఖలుచేయవలసిన గడువునుండి 72 నెలలు భద్రపఱుపవలయును. వానకు తడియు మూలగదిలో కాక, దంతపు పెట్టెలోని దస్తావేజుల ప్రక్కన వాని కొక చోటు చూపుట లెస్స.

ఇక్కడ నొక మాట చెప్పకుండ పోజాలము. నిబంధనము అక్షరములు అన్నదే గాని ఏ భాష యక్షరములో చెప్పలేదు. కంప్యూటరు ద్వారా ప్రభుత్వపు ద్వారమున నమోదగు ఇ-ఇన్వాయిసు మాత్రము ఆంగ్లాక్షరములను తప్ప వేఱు వానిని బిల్లు సంఖ్యలో స్వీకరింపదు. తెలుగున మంగళగిరి మకారమును వేసికొన్న వర్తకుని బిల్లు అక్కడ త్రోసివేయబడును. పది కోట్లకు చేరువగ మాటలాడు భాషలోని యొక్క యక్షరమునకు ఆ యంత్రమున చోటులేకుండుట యంత్రదోషమని మేము నమ్మజాలము. అడుగువారు లేకపోవుటయే దోషము. అంకెలు మాత్రమే వాడినచో ఈ బాధ లేదు. కాని ఆ సంఖ్య సున్నతోగాని, గీతతోగాని మొదలు కారాదను నియమ మొకటి యుండుటచే 00417 అని మొదలుపెట్టువారు జాగరూకులై యుండవలయును.

ఈ ఇ-ఇన్వాయిసు క్రమక్రమముగ చిన్నవారివైపునకు దిగుచున్నది. 2020 అక్టోబరు 1న సాలుకు 500 కోట్లకు మించిన వ్యాపారము గలవారికి మొదలై, 2021లో 100 కోట్లకును, పిదప 50 కోట్లకును, 2022లో 20 కోట్లకును, 10 కోట్లకును, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లకును దిగివచ్చినది. అమ్మువాని నమోదుసంఖ్య, పత్రముయొక్క తరగతి, బిల్లు సంఖ్య, ఆర్థికసంవత్సరము అను నాలుగింటిని గలిపి గణించి 64 అక్షరముల యొక గుర్తును ఆ ద్వారము పుట్టించును. కావున ఒకే సంఖ్య రెండవమాఱు వచ్చిన యంత్రమే నిరాకరించును. ఒకమాఱు రద్దుచేసిన సంఖ్య మరల పనికిరాదు. రద్దుచేయుటకును 24 గంటలే గడువు. నేడు పుస్తకమున వరుస నేర్చుకొననివాడు ఈ హద్దు తన గడపదాక వచ్చిననాడు ఒక్క దినములో నేర్చుకొనజాలడు.

పల్లెలలోని భూస్వాములకు దీనితో నేమి పని యని యడుగవచ్చును. తాను పండించిన పంట నమ్ముకొను కర్షకునకు ఈ చట్టము క్రింద నమోదు అక్కఱలేదు. అయితే గుంటూరు మిర్చియార్డునకు సరకు తోలిన రైతు తక్‌పట్టీ విలువ నెఱుగును. ఎన్ని టిక్కీలు, ఎంత తూకము, ఏ ధర, ఎంత కమీషను అనునది ఆ చీటీపై లేనిచో, అతడు తన సరకు ఏ ధరకు పోయినదో ఎవరియెదుటను ఋజువుచేయలేడు. అదియు నొక బిల్లే. దానికిని సంఖ్య యుండవలయును, ఆ సంఖ్య కమీషనుదారుని పుస్తకములోని సంఖ్యతో సరిపోవలయును. గిడ్డంగులు గట్టి వ్యాపారసంస్థలకు అద్దెకిచ్చు భూస్వాములు, కల్యాణమండపములు నడుపువారు నేడు సేవల వర్తకులలోనే లెక్కకు వత్తురు. సేవలకు రెండు తెలుగు రాష్ట్రములందును సాలుకు 20 లక్షల రూపాయల హద్దు. సరకులకు మాత్రము 2019లో ఆంధ్రప్రదేశము 40 లక్షల హద్దును స్వీకరింపగా తెలంగాణము 20 లక్షల హద్దుననే నిలిచినది. ఉభయ రాష్ట్రములందును అంగళ్లు గల కుటుంబములు ఈ భేదమును మఱవరాదు.

హైదరాబాదునను, విశాఖపట్టణమునను, చిన్నపట్టణములందును గూడ నేడు వేలకొలది యువకులు ఇంటనే కూర్చుండి అనువాదములు, చిత్రలేఖనములు, కంప్యూటరు రచనలు చేసి దేశవిదేశముల సంస్థలకు పంపుచున్నారు. ఫ్రీలాన్సరులని వీరిని పిలుచుచున్నారు. పనిలో నిపుణులు, బిల్లులో బాలురు. ఒక యుత్తరమున ‘ఇంత సొమ్ము పంపుడు’ అని వ్రాసిన చాలునని తలంతురు. సేవ ముగిసిన 30 దినములలో బిల్లు వ్రాయవలయునని నమోదైన వారికి నియమము కలదు. విదేశమునకు పంపు సేవకు, హామీపత్రము దాఖలుచేసి, ఆ మాట బిల్లుపై వ్రాసినచో, పన్ను కట్టకయే పంపవచ్చును. కాని తరువాత తాను కొన్నవానిపై కట్టిన పన్నును వాపసు కోరునపుడు, ప్రతి బిల్లు సంఖ్యకును ఎదురుగ బ్యాంకునకు వచ్చిన విదేశద్రవ్యపు ఋజువును జూపవలయును. మూడు బిల్లులకు గలిపి యొక్కమాఱు వచ్చిన సొమ్మును ఏ బిల్లునకెంత యని విడదీయుటకు, పంపువాడు బిల్లు సంఖ్యలను పేర్కొనునట్లు ముందే చెప్పియుంచుట మేలు. నమోదు అక్కఱలేని చిన్నవారును, పన్ను వేయకుండ, వరుససంఖ్యతో బిల్లు వ్రాయుటకు ఏ యాటంకమును లేదు.

కొనువాని సంగతి చూతము. అతడు కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకొనవలెనన్న అమ్మినవాని బిల్లు తనయొద్ద నుండవలయును, అదియు చాలదు. 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, అమ్మినవాడు ఆ బిల్లును తన అమ్మకపు పత్రమున చూపినగాని కొన్నవానికి ఆ తగ్గింపు రాదు. బిల్లుపై 417 అని వ్రాసి, పత్రమున 471 అని ఎక్కించిన చిన్నపొరపాటున ఆ రెండును కలియకపోవును. పెద్ద సంస్థల లెక్కల శాఖలలో ఇట్టి బిల్లు వచ్చిన వెంటనే చేయునది యొక్కటే: చెల్లింపు నిలుపుట. సంఖ్యలో రెండంకెలు తాఱుమాఱైనందులకు ఒక నెలసొమ్ము ఆగిన చిన్నవర్తకులు పెక్కురు. బండిపై పోవు సరకునకు, విలువ 50,000 రూపాయలు మించినచో, ఇ-వేబిల్లు కావలయును. అందును బిల్లు సంఖ్య యుండును. ఒకటిరెండంకెల తప్పునకు సరకును పట్టిపెట్టరాదనియు, కేంద్ర రాష్ట్ర చట్టముల క్రింద అయిదేసివందల రూపాయల జుల్మానాతో విడువవలయుననియు 2018 సెప్టెంబరులో కేంద్ర పన్నుల మండలి సర్క్యులరు పంపినది. ఈ సర్క్యులరు ప్రతిని లారీ తోలువాని చేతికిచ్చి పంపుట మంచిదని మా సూచన. మార్గమధ్యమున నిలిపినవారికి అది జ్ఞాపకము లేకపోవచ్చును.

అమ్మినవాని తప్పునకు కొన్నవానిని శిక్షించుట న్యాయమా యను ప్రశ్న యిక్కడ సహజముగ కలుగును. కాదని మా దృఢాభిప్రాయము. పన్ను పుచ్చుకొని ప్రభుత్వమునకు కట్టనివానిని పట్టుకొనుటకు ప్రభుత్వమునకు సిబ్బందియు, అధికారమును, యంత్రములును గలవు. ఆ పనిని పత్తి కొన్న చిన్నమిల్లువాని నెత్తిన, నూలు కొన్న నేతగాని నెత్తిన వేయుట తగదు. అయితే శాసనము మాఱునంతవఱకు, తన బిల్లులు వరుసలో నుంచి, తాను కొనువాని బిల్లులను గూడ నెలనెలయు సరిచూచుకొనుట తప్ప చిన్నవానికి రక్షణ లేదు.

అన్నిటికన్న ముఖ్యమైనది బాకీ వసూలు. 2006వ సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము, వస్తువుల నుత్పత్తిచేసియో, సేవల నందించియో జీవించు సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువును నిర్ణయించినది. వ్రాతపూర్వకమైన యొప్పందము లేనిచో 15 దినములు. ఒప్పందమున్నను 45 దినములకు మించరాదు. మించినచో రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకురేటునకు మూడురెట్లు చొప్పున నెలనెలకు చక్రవడ్డీ చెల్లవలయును. సరకు అందిన 15 దినములలో కొన్నవాడు వ్రాతమూలకముగ ఆక్షేపణ తెలుపనిచో, అందిన దినమే అంగీకరించిన దినముగ నెంచబడును. ఇంత బలమైన శాసనము అప్పులవాని చేతను లేదు. 2023 ఫైనాన్సు చట్టము ఆదాయపు పన్ను శాసనపు 43బి సెక్షనులో నొక ఖండము చేర్చి, 2024 ఏప్రిలు 1 నుండి దీనికి మఱియొక కొరడాను జతచేసినది: గడువులోపల చిన్నవారికి చెల్లింపని కొనుగోలుదారు ఆ వ్యయమును ఆ యేటి యాదాయమునుండి తగ్గించుకొన వీలులేదు, చెల్లించిన యేటనే తగ్గించుకొనవలయును. దీనివలన పెద్దకొనుగోలుదారులు నమోదైన చిన్నవారిని విడిచి వేఱువారియొద్ద కొందురేమో యను భయము వర్తకసంఘములనుండి వినవచ్చినది. ఆ భయము నిరాధారము కాదు. అందులకై హక్కును వదలుకొనుట మాత్రము వివేకము కాదు.

ఈ హక్కు నడుచుట దేనిపై? ఏ దినమున, ఏ బిల్లు, ఏ సరకుతో, ఎవరికి చేరినది యను దానిపై. 2017లో కేంద్రప్రభుత్వము తెఱచిన సమాధాన్ ద్వారమున ఫిర్యాదు వేయుటకు పోయినను, రాష్ట్రపు ఫెసిలిటేషను కౌన్సిలు నెదుట నిలిచినను అడుగునది ఇదియే. బిల్లు సంఖ్య, తేది, అందినట్లు సంతకము. ఈ మూడును గలవాడు వడ్డీతోసహా అడుగును. లేనివాడు బ్రతిమాలుకొనును. ఒక బిల్లుపై కొంత, వేఱొక బిల్లుపై కొంత చెల్లించుచు, ఏ బిల్లుపై నెంత మిగిలినదో తెలియకుండ చేయుట పెద్దబాకీదారులకు వెన్నతో పెట్టిన విద్య. ప్రతి చెల్లింపునకును ఎదురుగ బిల్లు సంఖ్యను వ్రాసి రసీదు నిచ్చువానియొద్ద ఆ విద్య పాఱదు.

ఇందు దోషము చిన్నవారియందే యున్నదని మేము చెప్పము. బాకీలు నిలుపువారిలో ప్రభుత్వశాఖలును, స్థానికసంస్థలును కలవనుట ఉభయ తెలుగు రాష్ట్రములందును సర్వజనవిదితము. పాఠశాలకు బల్లలు చేసియిచ్చిన వడ్రంగి, సభకు పందిరి వేసిన వాడు, కార్యాలయమునకు కాగితములు సరఫరాచేసిన వాడు నెలలకొలది తిరుగుచున్నారు. బిల్లు అందినట్లు ఆ కార్యాలయములలో సంతకము దొరకుట దుర్లభము. ‘బడ్జెటు రాలేదు, బిల్లు మరల తెచ్చి యిమ్ము’ అని చెప్పి, ఏప్రిలులో క్రొత్తతేదితో క్రొత్తబిల్లు వ్రాయించుకొందురు. ఇట్లు చేయుటవలన చిన్నవాని వరుసయు చెడును, గడువును మరల మొదటినుండి లెక్కకు వచ్చును, పాతబిల్లుపై అతడప్పటికే కట్టిన పన్ను ఏమగునో యెవరును చెప్పరు. వర్తకునకు సంఖ్య తప్పినచో జుల్మానా వేయు ప్రభుత్వము తన కార్యాలయములలోనే సంఖ్య తప్పించుట మిక్కిలి శోచనీయము.

కావున మేము రెండు రాష్ట్రప్రభుత్వములను కోరునది స్వల్పమే. ఏ ప్రభుత్వ కార్యాలయమైనను, మండలకార్యాలయము మొదలుకొని సచివాలయము వఱకు, బిల్లు అందిన దినముననే దాని సంఖ్యను తేదిని ఒక రిజిస్టరునకెక్కించి, తెచ్చినవానికి తెలుగున రసీదు నియ్యవలయును. బడ్జెటు లేదని ఆ బిల్లును త్రిప్పిపంపి క్రొత్తసంఖ్యతో తెమ్మనరాదు. ఆ రిజిస్టరును ఎవరడిగినను చూపవలయును. ఇ-ఇన్వాయిసు హద్దు 5 కోట్లకు లోబడి దిగుటకు ముందు, బిల్లు వ్రాయు విధానమును, రద్దుచేయు విధానమును, క్రెడిటునోటు వ్రాయు విధానమును దెలుపు చిన్నపుస్తకమును సరళమైన తెలుగున అచ్చొత్తించి వర్తకసంఘముల ద్వారా పంచిపెట్టవలయును. వర్తకసంఘములు గూడ దానము, ధర్మము, ఉత్సవముల కిచ్చు శ్రద్ధలో కొంతభాగము దీనికిచ్చి, నెలకొకమాఱు సాయంకాలమున సభ్యుల పుస్తకములను సరిచూచు గుమాస్తా నొకనిని జీతమునకు పెట్టుకొన్నచో, ఒక్కొక్క యంగడికి పడు వ్యయము కొలదియే.